ఏమీ తోచని పూట: కొన్ని కోనసీమ విశేషాలు

దాళ్వా కోతలైపోతాయి. డెల్టా కాలువలు కట్టేస్తారు. తొలకరికి ఇంకా చాలా రోజులుంటాయి. ఆ ఎండల్లో మధ్యాహ్నం రెండింటికి కరెంటు పోయిందా, అమలాపురంలోనైనా అల్లవరంలోనైనా వినబడే మాట ఒకటే: "ఏమీ తోచట్లేదు బాబోయ్." అన్నవాడి చెయ్యి ఆ మాట పూర్తయ్యేలోగానే ఫోను మీదికి వెళ్ళిపోతుంది. ఇక తోచకపోవడం అనే బాధే ఉండదు. ఉంటే కొంత లాభం ఉండేదేమో అని ఈమధ్య మనస్తత్వ శాస్త్రవేత్తలు అనుమానిస్తున్నారు. వాళ్ళు కనిపెట్టినవి కొన్ని, గోదావరి గట్టున ఎప్పట్నించో ఉన్నవి కొన్ని కలిపి చెప్పుకుందాం.

ఫోన్ నంబర్లు ఎక్కించిన జనం

2014లో ఇంగ్లండులోని సెంట్రల్ లాంకషైర్ యూనివర్సిటీలో శాండీ మాన్, రెబెకా కాడ్మన్ అనే ఇద్దరు ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. కొంతమందిని కూర్చోబెట్టి టెలిఫోన్ డైరెక్టరీ చేతికిచ్చారు. పావుగంటసేపు అందులోని నంబర్లు కాగితం మీద ఎక్కించడమే పని. తర్వాత రెండు ప్లాస్టిక్ కప్పులు చూపించి, వీటితో ఇంకా ఏమేం చెయ్యొచ్చో రాయమన్నారు. నంబర్లు ఎక్కించి విసిగిపోయినవాళ్ళకి, తిన్నగా వచ్చి రాసినవాళ్ళకంటే ఎక్కువ ఉపాయాలు తట్టాయి.

అసలు తమాషా రెండో ప్రయోగంలో ఉంది. ఈసారి కొందరికి రాసే పని కూడా లేదు, ఊరికే ఆ నంబర్లు చదవాలంతే. రాయడమే విసుగనుకుంటే చదవడం ఇంకా విసుగు. వీళ్ళు రాసినవాళ్ళని కూడా మించిపోయారు. చెయ్యి ఖాళీగా ఉండేసరికి బుర్ర ఎటో వెళ్ళి తిరిగొచ్చిందన్నమాట.

కొబ్బరిచెట్టు పరీక్ష

ఒక మామూలు వస్తువు చూపించి "దీంతో ఇంకేం చెయ్యొచ్చు?" అని అడిగే పరీక్షకి ఆద్యుడు జె.పి. గిల్ఫర్డ్ అనే అమెరికా మనస్తత్వవేత్త. సృజనశక్తిని కొలవడానికి చాలాచోట్ల ఈనాటికీ దీన్నే వాడతారు. ఇటుక చూపిస్తారు, కప్పు చూపిస్తారు, కాగితాలకి పెట్టే క్లిప్పు చూపిస్తారు.

గిల్ఫర్డ్ గారు అంబాజీపేట కొబ్బరి మార్కెట్టు దాకా వచ్చి ఉంటే పరీక్ష పేపరు మార్చుకునేవారు. కొబ్బరిచెట్టు ఇచ్చి ఉపయోగాలు చెప్పమంటే ఇక్కడ అయిదో తరగతి పిల్లాడు ఊపిరి తీసుకోడు. కమ్మలతో పందిరి, తడిక, దడి. ఈనెలతో చీపుళ్ళు. పీచుతో తాళ్ళు, పరుపులు, గిన్నెలు తోముకునే బొత్తి. పీచు పొట్టు నర్సరీలకి. చిప్పతో గరిటె, బొగ్గు. మొదలు నరికితే పంట బోదె మీద అడ్డంగా పడేసుకునే వంతెన. మట్ట విరిస్తే క్రికెట్ బ్యాటు. ఈ చివరిది ఏ కొబ్బరి పరిశోధకుడూ కనిపెట్టలేదు. కొనుక్కోడానికి డబ్బుల్లేక, ఊరికే కూర్చోడానికి మనసొప్పక పిల్లలు కనిపెట్టుకున్నారు. చెక్క బ్యాటు వచ్చాక కూడా చాలా ఊళ్ళలో మట్ట బ్యాటు పూర్తిగా పోలేదు.

తాటికాయల బండి

పిల్లలు కనిపెట్టినవాటిలో నా ఓటు మాత్రం మట్ట బ్యాటుకి కాదు, తాటికాయల బండికి. మీలో చాలామంది తోలే ఉంటారు. తెలియనివాళ్ళ కోసం వివరంగా చెబుతాను.

వేసవిలో ముంజెలు దిగుతాయి. ఒక్కో లేత తాటికాయలో మామూలుగా మూడు కళ్ళుంటాయి. పైన చెక్కేశాక బొటనవేలు గుచ్చి ముంజె లాగి తినేస్తే కాయ డొల్ల మిగులుతుంది. ఒకే సైజువి రెండు డొల్లలు ఎంచుకోవాలి. ఒకటి చిన్నదైతే బండి అటే లాగేస్తుంది. జానెడు పొడుగున్న గట్టి పుల్లకి రెండు వైపులా మొన చెక్కి, చెరో కాయలోకీ దిగ్గొట్టాలి. పుల్ల నడిమధ్యలో దిగకపోతే బండి కుంటుతుంది. ఆపైన మనిషి నడుమెత్తున్న కర్ర ఒకటి, కింద పంగ ఉన్నది చూసుకోవాలి. ఆ పంగని ఇరుసు మీద ఆనించి తోసుకుంటూ పోవడమే. మలుపు తిప్పాలంటే కర్రని పక్కకి వాలిస్తే చాలు. రెండు మూడు రోజులకి కాయలు వాడిపోయి, ఇరుసు వదులై చక్రాలు ఊడొస్తాయి. మళ్ళీ ముంజెలు తినాలి. ఇంతకంటే మంచి విడిభాగాల సరఫరా ఏ కంపెనీకీ లేదు.

ఇరుసు, చక్రం, తోపుడు కర్ర. బడి తెరవని నెలల్లో, మాస్టారు లేకుండా, ఒక పిల్లాడు ఇంకో పిల్లాణ్ణి చూసి నేర్చుకున్న ఇంజనీరింగు ఇది. సెలవుల్లో ఉన్న పిల్లలకి గంట గంటకీ ఒక క్లాసు పెట్టే తల్లిదండ్రులు దీని గురించి కాస్త ఆలోచించాలి.

ఊరికే కూర్చోలేక షాక్ కొట్టించుకున్నారు

తోచకపోవడం ఎంత దుర్భరమో 2014లోనే మరో ప్రయోగం తేల్చింది. వర్జీనియా యూనివర్సిటీలో టిమతీ విల్సన్ బృందం మనుషుల్ని ఒక్కొక్కరిగా ఖాళీ గదిలో కూర్చోబెట్టింది. ఫోను లేదు, పుస్తకం లేదు. ఆలోచించుకుంటూ పావుగంట గడపాలి. గదిలో ఒక మీట మాత్రం ఉంది, నొక్కితే కాలికి చిన్న కరెంటు షాకు తగులుతుంది. ఆ షాకు ఎలా ఉంటుందో వాళ్ళకి ముందే చూపించారు. డబ్బులిచ్చయినా సరే దాన్ని తప్పించుకుంటాం అన్నవాళ్ళనే లెక్కలోకి తీసుకున్నారు. అయినా 18 మంది మగవాళ్ళలో 12 మంది, 24 మంది ఆడవాళ్ళలో ఆరుగురు మీట నొక్కారు. ఒకాయన 190 సార్లు నొక్కితే ఆయన్ని లెక్కలోంచి తీసేశారు.

మనుషులే కాదు. కెనడాలోని గ్వెల్ఫ్ యూనివర్సిటీ వాళ్ళు 2012లో మింక్ అనే ముంగిస లాంటి జంతువుల మీద పరిశోధన ప్రచురించారు. ఆటవస్తువులేవీ లేని ఖాళీ బోనులో పెరిగినవి, కొత్తదేది కనబడినా పరుగెత్తుకొచ్చాయి. మామూలుగా పారిపోవలసిన భయంకరమైన వస్తువుల దగ్గరికి కూడా.

తోచీ తోచనమ్మ తోడికోడలి పుట్టింటికి వెళ్ళిందట. మన పెద్దవాళ్ళకి ఈ రెండు ప్రయోగాల సారమూ ముందే తెలుసు.

ఖాళీ బుర్ర తినే కరెంటు

మనిషి బరువులో మెదడు వాటా దాదాపు రెండు శాతం. ఒంట్లో ఖర్చయ్యే శక్తిలో దాని వాటా దాదాపు 20 శాతం. లెక్కలు చేస్తున్నప్పుడు ఈ ఖర్చు బాగా పెరిగిపోతుందని, అరుగు మీద కాళ్ళు చాపుకున్నప్పుడు తగ్గిపోతుందని అనుకుంటాం కదా. తేడా చాలా తక్కువ. పైగా, పని చేస్తున్నప్పుడు సద్దుమణిగి, పని ఆపగానే చురుకయ్యే భాగాలు మెదడులో కొన్ని ఉన్నాయి. అమెరికాలో సెయింట్ లూయిస్ నగరంలోని వాషింగ్టన్ యూనివర్సిటీకి చెందిన మార్కస్ రైకల్ బృందం 2001లో దీన్ని వివరించి, "డిఫాల్ట్ మోడ్" అని పేరు పెట్టింది. పాత జ్ఞాపకాలు, రేపటి ఊహలు, ఎదుటివాళ్ళ మనసులో ఏముందో అన్న ఆరాలు, అన్నీ ఆ భాగాల పనే.

రేవు, ట్రాము, రైలు, పడవ

కోనసీమకి గౌతమి ఒక పక్క, వసిష్ఠ ఒక పక్క, సముద్రం ఒక పక్క. వంతెనలు రాకముందు ఎటు పోవాలన్నా రేవులో కూర్చోవడం తప్పేది కాదు. కోటిపల్లి రేవులో ముక్తేశ్వరం వైపు చూస్తూ, సఖినేటిపల్లి రేవులో నరసాపురం వైపు చూస్తూ, పంటు అవతలి ఒడ్డున ఎప్పుడు కదులుతుందా అని ఎన్ని తరాలు ఎదురుచూశాయో. యానాం దగ్గర ఎదుర్లంక వంతెన వచ్చాక కాకినాడ ప్రయాణం సులువైంది. రైలు కథ వేరు. కాకినాడ నుంచి కోటిపల్లి దాకా 1928లో వేసిన లైనుని రెండో ప్రపంచయుద్ధం అవసరాలకని 1940లో పీకేశారు. మళ్ళీ 2004లో గానీ బండి నడవలేదు. గౌతమి దాటి అమలాపురం రావలసిన పట్టాలు ఇంకా రాలేదు. ఎదురుచూడటంలో కోనసీమ వాళ్ళకున్న అనుభవం ఇంతింత కాదు.

జర్మన్ తత్త్వవేత్త హైడెగ్గర్ 1929-30లో ఫ్రైబర్గ్‌లో విసుగు మీద ఉపన్యాసాలిచ్చినప్పుడు ఆయన ఎంచుకున్న ఉదాహరణ కూడా ఇదే: ఒక మారుమూల స్టేషను, తర్వాతి రైలుకి ఇంకా నాలుగు గంటలు. ఆయన కోటిపల్లి రేవు చూడలేదు గానీ చూసుంటే ఉపన్యాసాలు ఇంకో నాలుగు పెరిగేవి.

ఇలాంటి ఎదురుచూపుల్లో, ప్రయాణాల్లో తెలుగు సాహిత్యం ఎంత పుట్టిందో చూడండి. నండూరి సుబ్బారావు గారు 1917-18లో మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదువుతుండేవారు. ఒకరోజు ట్రాములో ఇంటికొస్తుండగా ఎంకి పాటల్లో మొదటిది పుట్టింది. అప్పటికి ట్రాములో చూసేందుకు రీల్సు లేవు. గంటల మోత, చక్రాల లయ, చెయ్యడానికేమీ లేని తీరిక. కొన్నేళ్ళకే ఆ పాటల్లోని ఎంకీ నాయుడుబావా ఆంధ్రదేశమంతా తిరిగారు.

పిఠాపురం దగ్గరి చంద్రంపాలెంలో పుట్టిన దేవులపల్లి కృష్ణశాస్త్రిది రైలు. 1920లో వైద్యం కోసం బళ్ళారి వెళుతుంటే కిటికీలోంచి కనబడ్డ ప్రకృతే "కృష్ణపక్షం" కావ్యానికి ప్రేరణ అయిందంటారు. ఇంగ్లీషు పాఠకులకి ఇలాంటి కథే ఇంకొకటి తెలుసు. 1990లో మాంచెస్టర్ నుంచి లండన్ వెళ్ళే రైలు నాలుగు గంటలు ఆలస్యమైంది. అందులో కూర్చున్న జె.కె. రౌలింగ్‌కి హారీ పాటర్ తట్టాడు. చేతిలో రాసే పెన్ను లేదు, ఎవర్నైనా అడగడానికి మొహమాటం. అందుకే నాలుగు గంటలూ ఊరికే ఆలోచిస్తూ కూర్చున్నానని ఆవిడే చెప్పింది. పెన్ను లేకపోవడమే మంచిదయిందేమో.

మన గోదావరి సీమకి మాత్రం అసలు వాహనం పడవ. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక కాటన్ తవ్వించిన కాలువలు నీళ్ళివ్వడమే కాదు, మనుషుల్ని, సరుకుల్ని మోశాయి. గట్టు మీద మనిషి తాడు పట్టి లాగుతుంటే, లాకుల దగ్గర ఆగి నీటిమట్టం సరిపడే దాకా కాచుకుంటూ పడవ నెమ్మదిగా సాగేది. రాత్రంతా ప్రయాణం, పైన చుక్కలు, పక్కన ఎవరో తెలియని మనుషులు. పాలగుమ్మి పద్మరాజు గారి "పడవ ప్రయాణం" కథలో ఉన్నది ఈ వాతావరణమే. పడవ మీద పడుకున్న ప్రయాణికుడికి ఏం పనీ లేదు కాబట్టే రంగి అనే ఆమె కథ వినే తీరిక దొరికింది. కాకినాడ పి.ఆర్. కాలేజీలో సైన్సు పాఠాలు చెప్పిన ఈ పద్మరాజు గారి "గాలివాన" 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి తెచ్చుకుంది.

ఇప్పుడు అమలాపురం నుంచి హైదరాబాదు స్లీపరు బస్సులో రాత్రంతా పడుకునే వెళ్తాం. ఒక్కో బెర్తు దగ్గరా ఒక్కో నీలం వెలుగు. ఎవరి రంగి కథ ఎవరికీ తెలియదు.

పూతరేకు వేసే చెయ్యి

ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అది పేపర్లో వచ్చిన వార్త. పేపర్లో రానిది, రేకు వేసే మనిషి తీరు. బోర్లించిన కుండ కింద మంట. బియ్యం నానబెట్టి రుబ్బిన పల్చటి పిండినీళ్ళు పక్కనే వెడల్పాటి గిన్నెలో. చిన్న తెల్లగుడ్డ రెండు చేతులా పట్టుకుని పిండినీళ్ళలో ముంచి, కుండ వీపు మీంచి ఒక్క ఊపున లాగెయ్యాలి. గుడ్డ దాటిన జాగాలోనే పొర ఆరిపోయి అంచులు లేస్తాయి. ఒడుపుగా తియ్యడమే. మళ్ళీ ముంచడం, లాగడం, తియ్యడం. పూటంతా అదే. చేతులకి పని తెలుసు, వాటిని కనిపెట్టుకుని ఉండక్కర్లేదు. మాటలు నడుస్తుంటాయి, మాటలు లేనప్పుడు మనసు నడుస్తుంటుంది. కొబ్బరి ఈనెలు చీరే ఆడవాళ్ళనీ, పీచు ఒలిచే మగవాళ్ళనీ చూసినా ఇదే.

ఇలాంటి పని గురించే 2012లో బెంజమిన్ బెయర్డ్, జొనాథన్ స్కూలర్ తదితరులు ఒక ప్రయోగం చేశారు. 145 మందికి పైన చెప్పిన "ఇంకేం చెయ్యొచ్చు" పరీక్షే పెట్టి, మధ్యలో విరామం ఇచ్చారు. విరామంలో కొందరికి బుర్ర పెట్టి చెయ్యాల్సిన పని, కొందరికి అంత శ్రద్ధ అక్కర్లేని తేలిక పని, కొందరికి పూర్తి విశ్రాంతి, కొందరికి విరామమే లేదు. మళ్ళీ అవే ప్రశ్నలిస్తే, తేలిక పని చేసినవాళ్ళు దాదాపు 40 శాతం మెరుగయ్యారు. మిగతావాళ్ళు ఎక్కడివాళ్ళక్కడే. పూర్తిగా విశ్రాంతి తీసుకున్నవాళ్ళు కూడా! అయితే తర్వాత వేరేవాళ్ళు చేసిన కొన్ని ప్రయోగాల్లో ఇంత తేడా కనబడలేదు. కాబట్టి ఈ 40 శాతాన్ని పట్టుకుని ఊరేగక్కర్లేదు.

2022లో జాక్ ఇర్వింగ్ అనే పరిశోధకుడి బృందం ఇంకో మెలిక పెట్టింది. కొందరికి ఇద్దరు మనుషులు బట్టలు మడతపెట్టే వీడియో, కొందరికి ఒక హాలీవుడ్ సినిమాలోని సరదా సన్నివేశం చూపించారు. మనసు రెండు గుంపులకీ ఎటెటో వెళ్ళింది. సినిమా చూస్తూ తిరిగిన మనసే కొత్త ఉపాయాలతో తిరిగొచ్చింది, బట్టల మడతలు చూస్తూ తిరిగింది ఊరికే తిరిగింది.

శాండీ మాన్ గారి డైరెక్టరీకీ దీనికీ పొసగదే అనిపించొచ్చు. పొసగదు కూడా. శాస్త్రం ఇంకా నడుస్తోంది. నాకు మాత్రం రేకు వేసే చెయ్యి వైపే నమ్మకం: శుద్ధ ఖాళీ కాదు, బండచాకిరీ కాదు, చేతికి తెలిసిన పని ఒకటి నడుస్తూ ఉండాలి.

విసనకర్ర జారితే

ఎడిసన్ కుర్చీలో కునికేటప్పుడు చేతిలో లోహపు గుండు పట్టుకునేవాడని చెబుతారు. నిద్ర పట్టేసరికి చెయ్యి వదులై గుండు కిందపడి చప్పుడవుతుంది, మెలకువొస్తుంది, అప్పుడు తట్టింది రాసుకునేవాడట. దీన్ని ప్యారిస్‌లో 2021లో నిజంగానే పరీక్షించారు. ఒక లెక్కల చిక్కు ఇచ్చి, అందులో దాగున్న దగ్గర దారి చెప్పకుండా, చేతికి ఒక కప్పు లాంటిదిచ్చి చీకటి గదిలో 20 నిమిషాలు కూర్చోబెట్టారు. నిద్ర అంచున కనీసం 15 సెకన్లున్నవాళ్ళలో 83 శాతం మందికి తర్వాత దగ్గర దారి దొరికింది. మేలుకునే ఉన్నవాళ్ళలో 30 శాతం మందికే. ఇంకా గాఢనిద్రలోకి జారినవాళ్ళలో 14 శాతం మందికే.

వీధరుగు మీద పడక కుర్చీ, చేతిలో తాటాకు విసనకర్ర. అది జారి టప్పున పడగానే "ఆఁ, నిద్దరపోలేదు" అని సర్దుకునే తాతయ్యల్ని వెక్కిరించిన పాపం ఇకనైనా కడిగేసుకోవాలి.

అప్రస్తుతం కూడా ప్రస్తుతమే

ఏకాగ్రతకి తెలుగువాళ్ళు పెట్టుకున్న పరాకాష్ఠ అవధానం. తిరుపతి వేంకట కవులు, అంటే కడియంలో పుట్టిన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి (1870-1950), దివాకర్ల తిరుపతిశాస్త్రి, దాన్ని ఊరూరా తిప్పి జనం విద్య చేశారు. అష్టావధానంలో ప్రశ్నలడిగే ఎనిమిదిమంది పృచ్ఛకుల్లో ఒకడి ఉద్యోగం ఏమిటంటే, ఏకాగ్రత చెడగొట్టడం. అప్రస్తుత ప్రసంగి. సమస్య పూరిస్తుంటే ఇంట్లో కూరేమిటని అడుగుతాడు.

ఇంకో సంగతి గమనించండి. అవధాని ఒక్కో పద్యాన్నీ ఒక్క ఊపులో పూర్తి చెయ్యడు. ఒక పాదం చెప్పి పక్క పృచ్ఛకుడి దగ్గరికి పోతాడు, మొత్తం చుట్టి మళ్ళీ వచ్చి రెండో పాదం అందుకుంటాడు. ఇంగ్లండులో గ్రాహం వాలస్ 1926లో రాసిన పుస్తకంలో సృజనకి నాలుగు మెట్లు చెప్పాడు: సిద్ధపడటం, పక్కన పెట్టి పొదగనివ్వడం, తట్టడం, సరిచూసుకోవడం. రెండో మెట్టు మన అవధాన వేదిక మీద అందరి కళ్ళెదుటే జరిగిపోతోంది.

ఈ వాలస్ చెప్పిన మొదటి మెట్టుని చాలామంది మరిచిపోతారు. ఫ్రెంచి గణితవేత్త పోంకరే ఒక విహారయాత్రలో గుర్రబ్బండి మెట్టు మీద కాలు పెట్టిన క్షణంలో పెద్ద చిక్కు విడిపోయిందని రాసుకున్నాడు. నిజమే. కానీ అంతకుముందు రోజుల తరబడి ఆ లెక్కతో కుస్తీ పట్టినవాడాయన. కుస్తీ పట్టనివాడు బండి ఎక్కితే ఊరు చేరతాడు, అంతే.

కోతల తర్వాతి తీరిక

కనుమనాడు జగ్గన్నతోటలో జరిగే ప్రభల తీర్థానికి పదకొండు ఊళ్ళ నుంచి ప్రభలొస్తాయి. సార్వా కోతలై, గాదె నిండి, చేతులు ఖాళీ అయిన రోజుల్లో ఊళ్ళవాళ్ళే వెదురు కట్టి, రంగుల గుడ్డలు చుట్టి వీటిని తయారుచేస్తారు. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు భుజాల మీద కౌశిక నీళ్ళు దాటి రావడం చూడాల్సిందే. 2023 రిపబ్లిక్ డే పెరేడ్‌లో ఢిల్లీ కర్తవ్య పథ్ మీద ఆంధ్రప్రదేశ్ శకటం ఈ ప్రభల తీర్థమే. అదే తీరికలో, ఆ పక్క తోటలోనే కోడిపందేలూ గుండాటలూ కూడా జరుగుతాయి. తీరిక ప్రభే కడుతుందని హామీ ఏమీ లేదు.

పిల్లి తల

పని లేనివాడు పిల్లి తల గొరిగాడన్న సామెతకి కూడా ఒక పరిశోధన తోడుంది. 2010లో హార్వర్డ్‌కి చెందిన కిల్లింగ్స్‌వర్త్, గిల్బర్ట్ 2,250 మందిని ఐఫోన్ల ద్వారా రోజులో అప్పుడప్పుడు పలకరించి, ఇప్పుడు ఏం చేస్తున్నారు, ఏం ఆలోచిస్తున్నారు, ఎలా ఉంది అని అడిగారు. మేలుకున్న సమయంలో 46.9 శాతం మనసు చేస్తున్న పని మీద లేదు. అలా లేనప్పుడు జనం తక్కువ సంతోషంగా ఉన్నారు. అప్పులు, పిల్లల పెళ్ళిళ్ళు, పక్కింటివాడి కారు, వీటి చుట్టూ తిరిగే మనసు కవిత్వం తేదు, నిద్ర తీసుకుపోతుంది. బెంగని ఊహ అని పిలిచి మురిసిపోవద్దు.

బలవంతపు ఖాళీని కూడా పొగడొద్దు. 2022 మే 24న అమలాపురంలో జిల్లా పేరు మార్పు మీద అల్లర్లు చెలరేగాక దాదాపు రెండు వారాలపాటు కోనసీమలో మొబైల్ ఇంటర్నెట్ ఆపేశారు. ఇంటినుంచి పనిచేసే ఉద్యోగులు సిగ్నల్ వెతుక్కుంటూ ఊళ్ళు దాటి వెళ్ళారు. అది తోచకపోవడం కాదు, ఇబ్బంది. దాన్ని ఎవరైనా "డిజిటల్ ఉపవాసం" అంటే ఒప్పుకోకూడదు.

తోచకపోవడానికీ తీరిక ఉండాలి

మామిడికుదురులో 1911లో పుట్టిన బోయి భీమన్న గారి పేరు ఇక్కడ తలుచుకోకుండా ఉండలేం. ఆయన నాటకం "పాలేరు", ఆత్మకథ "పాలేరు నుంచి పద్మశ్రీ వరకు". 1975లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు, 2001లో పద్మభూషణ్. తెల్లారకముందే లేచి, పశువుల పాక నుంచి పొలానికి, పొలం నుంచి పాకకి తిరిగే పాలేరు కుర్రాడికి "ఏమీ తోచట్లేదు" అనే మాట అనే హక్కు కూడా లేదు. అరుగు మీది తీరిక గురించి రాసేవాళ్ళు, నాతో సహా, ఆ తీరికని ఎవరి చాకిరీ కొనిపెట్టిందో కూడా రాయాలి. డెల్టాలో కాటన్ కాలువలు నీళ్ళు అందరి గుమ్మం ముందు నుంచీ పారించాయి, తీరికని మాత్రం కొందరి అరుగుల మీదే వదిలాయి.

తీరిక లేనివాళ్ళు ఏం చేశారు? పనిలోనే పాట కట్టుకున్నారు. ఊడ్పుల్లో నడుం వంచి బురదలో వెనక్కి నడుస్తూ, రోజంతా ఒకే కదలిక. ఒకామె ఎత్తుకుంటే వరసంతా అందుకునేది. ఊడ్పు పాటలు, దంపుళ్ళ పాటలు, తిరగలి పాటలు, పడవ పాటలు, అన్నీ విసుగు పుట్టించే పనుల్లోంచే వచ్చాయి. రచయితల పేర్లు లేవు. రాజమండ్రి దగ్గరి కొంతమూరులో పుట్టిన నేదునూరి గంగాధరం గారు ఊళ్ళు తిరిగి ఇలాంటివి పోగుచేసి "మిన్నేరు", "మున్నీరు" లాంటి సంపుటాలు తెచ్చారు కాబట్టి కొన్నయినా మిగిలాయి. ఇప్పుడు గోదావరి జిల్లాల్లో చాలాచోట్ల ఊడ్పులకి బెంగాల్ నుంచి కూలీలొస్తున్నారు. కొన్నిచోట్ల యంత్రాలొచ్చాయి, కొన్నిచోట్ల విత్తనాలే వెదజల్లుతున్నారు. పాట ఎత్తుకున్న ఆడవాళ్ళు ఇప్పుడు డెబ్బై, ఎనభై దాటినవాళ్ళు. మీ ఇంట్లోనో, మీ వీధిలోనో అలాంటి అమ్మమ్మ ఒకరుంటే, ఈసారి కరెంటు పోయిన మధ్యాహ్నం పక్కన కూర్చుని ఒక పాట పాడమనండి. చేతిలో ఫోను ఎలాగూ ఉంటుంది. రికార్డింగు బటను నొక్కి, పాటతోపాటు ఊరి పేరు, పాడిన మనిషి పేరు కూడా చెప్పించుకుని దాచండి.